ఆరడుగుల పైన ఉన్నవాళ్లు బండికి విండ్‌షీల్డ్ ఎలా ఎంచుకోవాలి

తమ్ముడూ, షాపులో అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఒక్క వారం ఆగు. నువ్వు చెప్పింది ఇదీ: ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, అడ్వెంచర్ బండి, దాంతోపాటు వచ్చిన చిన్న విండ్‌షీల్డ్, ప్రతి శనివారం మధురవాడ నుంచి శ్రీకాకుళం, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. స్పీడు 80 దాటగానే హెల్మెట్ గడగడలాడుతోంది, ఇంటికొచ్చాక మెడ పట్టేస్తోంది, చెవుల్లో హోరు పడుకునేదాకా తగ్గట్లేదు. షాపులో ఉన్నవాటిలో అన్నిటికన్నా ఎత్తైన గ్లాస్ కొనేస్తే సరిపోతుందా అని అడిగావు.

సరిపోవచ్చు, ఉన్నదానికన్నా అధ్వానం కూడా కావచ్చు. నాది 6 అడుగుల 3 అంగుళాలు, వైజాగ్‌లోనే పుట్టి పెరిగాను, బండి మీద ఇరవై ఏళ్లు దాటింది. మొదటిసారి నేనూ ఇదే బాధతో గాజువాకలో ఒక షాపుకెళ్లి బాగా పొడుగ్గా ఉన్న గ్లాస్ చూపించమన్నాను, వాళ్లు బిగించి పంపించారు, ఆ సాయంత్రమే అనకాపల్లి వైపు తీసుకెళ్తే అంతకుముందు భుజాల దగ్గర కొట్టే గాలి ఇప్పుడు సరిగ్గా నుదుటి మీద కొట్టడం మొదలుపెట్టింది, ముందు వెళ్లే బండి నంబర్ ప్లేటు చదవలేనంతగా తల ఊగింది. డబ్బు పెట్టాం కదా అని రెండు నెలలు అలాగే తిరిగాను. ఆ రెండు నెలల మెడనొప్పి నీకు రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు గాలి ఏం చేస్తుందో చూడు. షీల్డ్ అసలు లేని బండి మీద గాలి ఛాతీకి, మొహానికి తిన్నగా తగులుతుంది. గట్టిగానే తోస్తుంది, కానీ ఒకే తీరుగా తోస్తుంది, అందుకే ఒళ్లు అలుస్తుంది గానీ తల ఊగదు. షీల్డ్ పెట్టగానే దాని మీదుగా ఎగబాకిన గాలి పై అంచు దగ్గర తెగిపోయి సుడులు తిరుగుతుంది. షీల్డ్ వెనక ఒత్తిడి తగ్గి ఖాళీ లాంటిది ఏర్పడుతుంది, పై గాలీ పక్క గాలీ ఆ ఖాళీలోకి దూకుతుంటాయి. ఈ సుడులు హెల్మెట్‌ని ఆగకుండా అటూ ఇటూ కొడతాయి, దాన్నే బఫెటింగ్ అంటారు. అంటే నీ ముందు గాలి మూడు పొరలుగా ఉంటుంది: కింద నిదానంగా ఉండే గాలి, పైన చెదరకుండా తిన్నగా వచ్చే గాలి, రెండింటి మధ్య ఈ చెదిరిన గాలి. తల కింది పొరలో ఉన్నా సుఖమే, పై పొరలో ఉన్నా సుఖమే. మధ్య పొరలో ఉంటేనే నరకం. సగటు ఎత్తు మనిషికని కొలిచి చేసిన షీల్డ్ వెనక మనలాంటివాళ్ల తల సరిగ్గా ఆ మధ్య పొరలోకే వస్తుంది.

స్పీడుతో ఇదెంత మారుతుందంటే, గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. 60 మీద ఉన్న తోపు 90 మీద రెండుంపావు రెట్లు. అందుకే ఊళ్లో హనుమంతువాక నుంచి జగదాంబ దాకా ఏ షీల్డ్ అయినా బాగానే ఉంటుంది, షాపు ముందు ఒక రౌండు కొట్టి బాగుంది అనుకుంటే ఆనందపురం దాటాక అసలు సంగతి తెలుస్తుంది.

ఇంకో మాట, నీ ఎత్తు 6.2 అన్నది ఈ విషయంలో సగం సమాచారమే. సీటు నుంచి కళ్ల దాకా ఎంత ఉందన్నదే లెక్క. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుము పైభాగం పొడుగు ఉంటుంది, బండి మీద కూర్చుంటే వాళ్ల హెల్మెట్ల మధ్య రెండంగుళాల తేడా రావచ్చు. నా స్నేహితుడు ఒకతను నాకన్నా పొట్టి, కానీ కూర్చుంటే నా అంతే ఉంటాడు, నాకు కుదిరిన షీల్డే అతనికీ కుదిరింది. కాబట్టి "నాకు 6.2 ఉంది, ఈ గ్లాస్ సూపర్" అని ఎవరైనా చెబితే దాన్ని పట్టుకుని కొనేయకు. సీటు ఎత్తు మార్చుకునే బండి అయితే నువ్వు ఎలాగూ మోకాళ్ల కోసం పై పొజిషన్‌లో పెట్టి ఉంటావు, అదీ తలని ఇంకాస్త పైకి లేపేసి ఉంటుంది.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పరీక్షలు. పొద్దున్న ఆరు, ఆరున్నరకి వెళ్లు, సముద్రపు గాలి ఇంకా లేవదు. ఆనందపురం నుంచి పెందుర్తి వైపు వెళ్లే ఆరు లైన్ల రోడ్డు దీనికి బాగుంటుంది. ముందు లారీగానీ బస్సుగానీ ఉండకూడదు, వాటి వెనక గాలి అంతా చెదిరిపోయే ఉంటుంది, పరీక్ష తప్పుతుంది. 80లో నిలకడగా వెళ్తూ మామూలుగా కూర్చుని గమనించు. తర్వాత చూపు రోడ్డు మీదే ఉంచి, నడుము నుంచి మెల్లగా ముందుకి వంగు, హెల్మెట్ చప్పుడు ఒక్కసారిగా తగ్గే చోటు వస్తుంది. ఎన్ని అంగుళాలు వంగితే వచ్చిందో గుర్తుపెట్టుకో. తర్వాత రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి, ఫుట్‌రెస్టుల మీద బరువేసి సీటు నుంచి రెండు మూడు అంగుళాలు లేచి, రెండు సెకన్లు ఉండి కూర్చో. పైన నిశ్శబ్దంగా, తిన్నగా గాలి తగిలితే చెదిరిన పొర నీ తల దగ్గర అయిపోతోందని అర్థం.

ఒకటి రెండు అంగుళాలు వంగితే చాలు ప్రశాంతం అనిపించిందా, నీకు కావలసింది చిన్న సవరణ మాత్రమే, రెండంగుళాలు పెరిగిన షీల్డో, పై అంచుకి తగిలించే స్పాయిలర్ అనే చిన్న అదనపు ముక్కో చాలు. నాలుగైదు అంగుళాలు వంగాల్సి వస్తోంది, లేస్తే మాత్రం వెంటనే హాయిగా ఉంది అంటే పొడుగు షీల్డ్ వెంట పడకు, పొట్టిదానికి వెళ్లు. చాలామంది పొడుగువాళ్లకి ఈ మాట నచ్చదు, డబ్బిచ్చి ఇంకా చిన్న గ్లాస్ కొనడమేంటి అంటారు. కానీ గాలి ఛాతీకి తగిలి, తల శుభ్రమైన గాలిలో ఉంటే మెడకి వచ్చే సుఖం వేరు. ఇది నమ్మడానికి ఒక ఉపాయం ఉంది: ఉన్న షీల్డ్ నాలుగు బోల్టులూ విప్పి ఇంట్లో పెట్టి, అదే రోడ్డులో ఒక రోజు తిరుగు. లోపలి వైరింగ్‌కి, మీటర్‌కి వాన తగలదనుకుంటేనే సుమా. షీల్డ్ తీసేశాక తల ఊపు పోతే నీ జవాబు దొరికేసినట్టే.

కంటితో చూడాలనుకుంటే ఊలు దారాలు జానెడు ముక్కలు కోసి షీల్డ్ పై అంచుకి, హెల్మెట్‌కి, భుజాలకి టేపుతో అంటించు. స్నేహితుణ్ని పక్కన వెళ్లే ఇంకో బండి వెనక కూర్చోబెట్టి ఫోన్‌లో వీడియో తీయించు. దారం తిన్నగా వెనక్కి సాగి ఉంటే అక్కడ గాలి శుభ్రంగా ఉంది. కొట్టుకుంటూ దిక్కు మారుస్తుంటే అదే చెదిరిన గాలి. ముందుకి తిరిగి ఉంటే షీల్డ్ వెనక ఖాళీ గాలిని లాక్కుంటోందని అర్థం. ఆ వీడియో ఒక్కటి పది మంది సలహాల పెట్టు.

హెల్మెట్ సంగతి కూడా ఇక్కడే చూసుకో. నువ్వు ముందు పీక్, అంటే టోపీ అంచులా పొడుచుకొచ్చే ముక్క, ఉన్న అడ్వెంచర్ హెల్మెట్ వాడుతుంటే, ఆ పీక్ విప్పేసి ఒక రోజు వెళ్లు. పీక్ గాలిలో తెడ్డులా పనిచేస్తుంది, షీల్డ్ మీద నెట్టేసే నింద సగం దానిదే కావచ్చు. లైనింగ్ వదులైన పాత హెల్మెట్ కూడా చిన్న సుడికే ఊగిపోతుంది.

సరే, ఇవన్నీ చేశాక పొడుగు షీల్డే కావాలని తేలింది అనుకుందాం. ఎంత పొడుగు? బండి మీద రైడింగ్ బూట్లు, జాకెట్, హెల్మెట్‌తో కూర్చో, బండి స్టాండు మీద కాకుండా చక్రాల మీద నిటారుగా ఉండాలి, ఎవరినైనా పట్టుకోమను. షీల్డ్ పై అంచు నీ ముక్కుకి ఎదురుగా వచ్చేలా ఉండాలి, కళ్లకి రెండు మూడు అంగుళాల కింద. రోడ్డుని షీల్డ్ మీదుగా చూడాలి, షీల్డ్‌లోంచి చూడకూడదు. ఈ ఒక్క విషయంలో రాజీ పడకు. పట్టపగలు కొత్త గ్లాస్‌లోంచి చూస్తే ఏ ఇబ్బందీ ఉండదు, అందుకే షాపులో తెలియదు. నువ్వు తిరిగొచ్చేది ఆదివారం రాత్రి. ఆగస్టులో వాన పడుతూ ఎదురుగా లారీ హై బీమ్ కొడితే షీల్డ్ మీద ప్రతి చుక్కా ఒక దీపంలా వెలుగుతుంది, అవతల ఏముందో తెలియదు. హెల్మెట్ గ్లాస్ అయితే చేత్తో తుడుచుకోవచ్చు, పైకి ఎత్తుకోవచ్చు, షీల్డ్‌ని ఏం చేస్తావు? డిసెంబర్‌లో అరకు, లంబసింగి వైపు పొగమంచులో వెళ్లినా ఇదే కథ. మందపాటి కార్డ్‌బోర్డు ముక్కని కావలసిన ఎత్తులో కోసి పాత షీల్డ్‌కి టేపు వేసి, బండి కదలకుండా కూర్చుని చూస్తే ఎత్తు సరిగ్గా తెలుస్తుంది. ఆ కార్డ్‌బోర్డుతో రోడ్డెక్కొద్దు. పొడుగు షీల్డ్ ఎప్పుడూ రంగు లేని క్లియర్‌దే తీసుకో, స్మోక్ రంగు చిన్న వాటికి మాత్రమే.

ఎత్తు కన్నా ఎక్కువమంది పట్టించుకోనివి దూరం, వాలు. సుడులు అంచు నుంచి వెనక్కి వచ్చేకొద్దీ వెడల్పవుతాయని గుర్తుంచుకో. హెడ్‌లైట్ ముందు ఎక్కడో ఉన్న పెద్ద షీల్డ్ కన్నా, నీకు దగ్గరగా ఉన్న చిన్న షీల్డ్ ఎక్కువ కాపాడుతుంది. షీల్డ్‌ని నిటారుగా చేస్తే గాలి పైకి ఎగురుతుంది, వెనక్కి వాలిస్తే అంచు కిందికి వస్తుంది కానీ నీకు దగ్గరవుతుంది. బ్రాకెట్‌లో వాలు మార్చుకునే వీలుంటే డబ్బు ఖర్చు పెట్టే ముందు అదంతా ప్రయత్నించు. లేకపోతే పై బోల్టుల దగ్గర 5 మిల్లీమీటర్ల రబ్బరు వాషర్ వేసి చూడు, అంత చిన్న మార్పుకే తేడా తెలిసిన సందర్భాలు నేను చూశాను. వెనక మనిషి కూర్చుంటే బండి వెనక భాగం కిందికి దిగి షీల్డ్ కూడా వెనక్కి వాలుతుంది, కాబట్టి ఇద్దరుగా తిరిగేవాడివైతే ఇద్దరితోనూ పరీక్షించు. మా ఆవిడకి నా పొడుగు షీల్డ్ వల్ల గాలి నేరుగా మొహానికి కొట్టేది, నాకు ఆ సంగతి నెల తర్వాత గానీ తెలియలేదు.

కింద గాలి దారి కూడా ముఖ్యం. షీల్డ్‌కీ హెడ్‌లైట్‌కీ మధ్య కాస్త సందు ఉంటే అందులోంచి వచ్చిన గాలి వెనక ఉన్న ఖాళీని నింపుతుంది, సుడులు మెత్తబడతాయి. అందుకే చాలా టూరింగ్ షీల్డ్‌లకి మధ్యలోనో కిందో సందులు ఉంటాయి. అవి అందం కోసం అనుకుని టేపు అంటించేవాళ్లని చూశాను. క్లిప్‌తో తగిలించే స్పాయిలర్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది, షీల్డ్ అంచుకీ దానికీ మధ్య సందులోంచి వేగంగా వచ్చే గాలి పై ప్రవాహాన్ని సాఫీ చేస్తుంది. జర్మనీ ఎమ్ఆర్ఏ, ఇటలీ గివి, స్పెయిన్ పుయిగ్ ఇలాంటివి చేస్తాయి, మన దగ్గర తక్కువ ధరలో కూడా దొరుకుతున్నాయి. నీ స్థానంలో నేనుంటే పూర్తి షీల్డ్ కొనే ముందు స్పాయిలరే కొంటాను. ఎత్తు, కోణం రెండూ మార్చుకోవచ్చు, ఊళ్లో వద్దనుకుంటే తీసి బ్యాగులో వేసుకోవచ్చు. ఒకటే షరతు, క్లాంప్ లోపల రబ్బరు ఉండాలి, ఆ ఎత్తులో గాలికి ఊగి ఊడిపోతే వెనక వచ్చేవాడి మొహానికి తగులుతుంది.

పక్కగాలి గురించి మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పాలి. మధ్యాహ్నం రుషికొండ నుంచి భీమిలి వెళ్తుంటే కుడిపక్క నుంచి సముద్రపు గాలి తోస్తూనే ఉంటుంది, కొండ అడ్డం తొలగిన ప్రతిచోటా ఒక్కసారిగా వచ్చి తగులుతుంది. ఫ్లైఓవర్ ఎక్కినా అంతే. షీల్డ్ హ్యాండిల్‌కి బిగించేదైతే ఆ తోపు మొత్తం నేరుగా స్టీరింగ్‌లోకి వెళ్తుంది, ఎత్తు పెరిగేకొద్దీ చేతుల్లో బండి లాగుతున్నట్టు ఉంటుంది. బండి బాడీకి లేదా హెడ్‌లైట్ ముందున్న ఫ్రేముకి బిగించేదైతే హ్యాండిల్‌కి ఆ బాధ ఉండదు. కాబట్టి పొడుగు షీల్డ్ అయితే ఫ్రేముకి బిగించేదే తీసుకో. బిగించాక హ్యాండిల్ పూర్తిగా ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూడు, ఎక్కడా ఆనకూడదు, క్లచ్ వైరు, బ్రేక్ హోస్ నలగకూడదు. షాపులో వాళ్లు ఇది చూడకపోతే నువ్వే చూడు.

గ్లాస్ అంటాం గానీ అది అక్రిలిక్ లేదా పాలీకార్బొనేట్. అక్రిలిక్ స్పష్టంగా ఉంటుంది, గీతలు తక్కువ పడతాయి, కానీ రాయి తగిలితే పగులుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బకి తట్టుకుంటుంది, పైన హార్డ్ కోటింగ్ లేకపోతే తుడిచిన ప్రతిసారీ గీతలు పడతాయి. హైవే మీద టిప్పర్ల వెనక తిరిగే మనకి కోటింగ్ ఉన్న పాలీకార్బొనేటే నా ఓటు. మందం 3 మిల్లీమీటర్లకి తగ్గితే పొడుగు షీల్డ్ 90లో వణుకుతుంది. పై అంచు గుండ్రంగా మలిచి ఉండాలి, అది నీ మొహానికి ఎదురుగా ఉంటుంది, పదునుగా ఉంటే కొనొద్దు.

పెట్రోలు, థిన్నర్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ దేన్నీ దాని మీద పడనివ్వకు, సన్నటి పగుళ్లు వచ్చేస్తాయి. పురుగులు అంటుకుంటే తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి, తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తీయి. బోల్టులకి నైలాన్ లేదా రబ్బరు వాషర్ తప్పనిసరి, ఒళ్లు బలమంతా పెట్టి బిగించకు, రంధ్రం దగ్గర నుంచే పగులు మొదలవుతుంది. బోల్టు ఊడకుండా వేసే లాకింగ్ ద్రవం కూడా ప్లాస్టిక్‌కి తగిలితే పగులుస్తుంది. మన ఉప్పుగాలికి మామూలు బోల్టు ఒక వానాకాలంలో తుప్పు పట్టి ఇరుక్కుపోతుంది, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ వేయించు, పెద్ద ఖర్చు కాదు. మొదటి 200 కిలోమీటర్ల తర్వాత ఒకసారి అన్నీ సరిచూసుకో. వంపు తిరిగిన షీల్డ్ ఎండని భూతద్దంలా మీటర్ మీదికి కేంద్రీకరించగలదు, కాబట్టి సూర్యుడు షీల్డ్‌కి వెనకవైపు ఉండేలా బండి పార్క్ చేయాల్సి వస్తే మీటర్ మీద ఒక గుడ్డ వెయ్యి.

మే నెల గురించి కూడా ఆలోచించుకో. మన ఉక్కపోతలో ఛాతీకి గాలి తగలకపోతే సిగ్నల్ దగ్గరే కాదు, నడిచే బండి మీద కూడా చెమటలు కారతాయి. నేను మార్చి నుంచి జూన్ దాకా పొట్టి షీల్డ్, ఆ తర్వాత పొడుగుది వాడతాను, మార్చడానికి ఒక అలెన్ కీ, పావుగంట చాలు.

చివరిగా నీ చెవులు. దీన్ని షీల్డ్ కన్నా ముందు చేయమంటాను, ఈ శనివారం నుంచే. వందలో వెళ్తుంటే హెల్మెట్ లోపల గాలి చప్పుడు 100 డెసిబెల్స్ దగ్గరికి చేరుతుంది. వినికిడికి వాడే లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ని 8 గంటలు తట్టుకోవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. నీ ప్రయాణం రెండు గంటలు. రాత్రి పడుకునేదాకా హోరు ఉందంటే చెవి దెబ్బ తింటోందని చెబుతోంది, అలా పోయిన వినికిడి తిరిగి రాదు. మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్ ప్లగ్స్ సన్నగా చుట్టి పెట్టుకో, గాలి హోరు తగ్గుతుంది, హారన్ వినిపిస్తుంది. షీల్డ్ ఎంత బాగా కుదిరినా ఇవి మాత్రం మానకు.

నా దగ్గర పాత క్లిప్ స్పాయిలర్ ఒకటి ఊరికే పడి ఉంది, అంచు మందం కుదిరితే నీ షీల్డ్‌కి సరిపోతుంది. వచ్చే శనివారం నువ్వు శ్రీకాకుళం బయల్దేరేటప్పుడు పొద్దున్న ఆరింటికి ఆనందపురం జంక్షన్ దగ్గర ఆగగలిగితే బిగించి ఇస్తాను, ఊలు దారాలు కూడా తెస్తాను, కాసేపు పక్కన నేనే వచ్చి చూస్తాను. అది చూశాకే ఏం కొనాలో తేల్చుకో.